వదలని వరుస

"పాట పట్టుకున్నది" అనే మాట మన పల్లెలలో అప్పుడప్పుడు వినబడుతూ ఉంటుంది. జ్వరం పట్టుకొన్నట్లు, బుడతడు తల్లి కొంగు పట్టుకొన్నట్లు, పాట కూడా మనిషిని పట్టుకొంటుంది. మనిషి పాటను పాడడం కాదు. పాటే మనిషి చేత పాడించుకొంటుంది. తెల్లవారుజామున కళ్లు తెరవకముందే ఎక్కడిదో ఒక పల్లవి, అదీ సగమే, లోపల తిరగడం మొదలుపెడుతుంది. ముఖం కడుగుకొన్నా పోదు. పూజకు కూర్చుంటే అక్కడికీ వస్తుంది. కచేరీలో కాగితాల నడుమకు వస్తుంది, రైలుపెట్టెలోకి వస్తుంది, చివరికి సంతాపసభలో రెండు నిమిషాల మౌనంలోకి కూడా వస్తుంది. పైగా అది మనకు నచ్చిన పాటే కానక్కరలేదు. త్యాగరాజకృతులు కోరి కోరి నేర్చుకొన్నవాడి నాలుక మీద పొద్దున్నే పళ్లపొడి ప్రకటన ఆడుతూ ఉంటే ఆ సిగ్గు ఎవరితో చెప్పుకొనేది?

జర్మనులు దీనికి చెవిపురుగు అని పేరు పెట్టారు. ఆంగ్లేయులు ఆ పేరునే తర్జుమా చేసికొన్నారు. మనవారు పురుగనలేదు. "నోట్లో నానుతున్నది" అన్నారు. బియ్యం నానినట్లు, చింతపండు నానినట్లు పాట నోట్లో నానుతుంది. నానడమంటే మెత్తబడడం, వంటకు సిద్ధం కావడం. ఒక జాతి దీనిని తెగులుగా చూచింది. మరొక జాతి పాకానికి ముందు స్థితిగా చూచింది. రెండింటిలో ఏది నిజమో తేల్చడానికి మేము పూనుకోము. గుంటూరు, ప్రకాశం సీమలలో పుట్టి పెరిగినవారికి రెండూ నిజమేనని తోచే సందర్భాలు ఉన్నవి. వాటిని చెప్పడమే ఈ వారం మా ఉద్దేశం.

ఈ బాధ కొత్తది కాదు. మార్క్ ట్వేన్ 1876లో దీని మీద ఒక హాస్యకథ రాశాడు. ట్రాముబండిలో టిక్కెట్లకు చిల్లులు వేసే కండక్టరును గురించిన నాలుగు పనికిమాలిన చరణాలు పత్రికలో చదివి, కథకుడు తిండీ నిద్రా మానుకొంటాడు. చివరకు ఒక మతాచార్యుడైన స్నేహితునికి ఆ చరణాలను అంటగట్టి తాను బయటపడతాడు. ఆ ఆచార్యుడు ప్రసంగవేదిక మీద కూడా అదే లయలో తల ఊపుతూ, చివరకు విశ్వవిద్యాలయ విద్యార్థుల నెత్తిన దానిని దింపుకొంటాడు. తేలుమంత్రం ఒకరి నుంచి ఒకరికి దిగినట్లు పాట దిగుతుందన్న సంగతి ఆ మహానుభావుడు శాస్త్రజ్ఞులకంటె ముందే కనిపెట్టాడు.

శాస్త్రజ్ఞులు తరువాత వచ్చారు. ఫిన్లండులో పన్నెండువేలమందిని పైబడి విచారిస్తే, పదిమందిలో తొమ్మిదిమందికి వారానికి ఒక్కసారైనా పాట పట్టుకొంటున్నదని తేలినది. 2005లో అమెరికాలో ఒక పరీక్ష చేశారు. బాగా తెలిసిన పాటను వినిపిస్తూ నడుమ నడుమ శబ్దాన్ని ఆపివేశారు. పాట ఆగినా మెదడులో వినికిడికి సంబంధించిన భాగం ఆగలేదు. లేని పాటను అది తానే పూర్తిచేసికొంటూ పోయింది. 2016లో ఇంగ్లండునుంచి వెలువడిన మరొక పరిశోధన, పట్టుకొనే పాటలకు కొన్ని లక్షణాలు చెప్పినది: కొంచెం వేగంగా నడవాలి, వరుస మొత్తం మీద సులభంగా, పరిచితంగా ఉండాలి, కాని ఎక్కడో ఒకచోట చెవి ఎదురుచూడని ఎగుడో దిగుడో ఉండాలి. అన్నీ తెలిసినట్లే ఉండి ఒక్కటి తెలియనట్లు ఉండాలన్నమాట. 1927లోనే బ్లూమా జైగార్నిక్ అనే విదుషి, ముగిసిన పనికంటె నడుమ ఆగిన పనినే మనస్సు ఎక్కువ గుర్తుంచుకొంటుందని చూపినది. పాట సగంలో తెగితే వదలకపోవడానికి అదే కారణమని కొందరంటారు. చివరి చరణం దాకా పాడితే వదులుతుందనే చిట్కా అందులోనుంచి పుట్టినదే. మరొక చిట్కా 2015లో రెడింగు విశ్వవిద్యాలయంవారు చెప్పారు: ఏదైనా నములుతూ ఉంటే పాట తగ్గుతుందట. దవడ ఆడుతూ ఉంటే లోపలి గొంతుకు పని తగ్గుతుందని వారి భావం. వారు పరీక్షించినది చూయింగు గమ్ముతో. మన అవ్వల ఆకూవక్కా వారికి దొరికి ఉంటే ఏమి తేలేదో!

ఈ పరిశోధనలన్నిటిలో మాకు ముఖ్యంగా తోచిన సంగతి ఒకటి ఉన్నది. మనస్సు బొత్తిగా తీరికగా ఉన్నప్పుడూ, చేతికి పని ఉండి బుద్ధికి పని లేనప్పుడూ పాట సులభంగా పట్టుకొంటుంది. ఈ మాట చదివినప్పుడు మాకు నల్లరేగడి చేలు కళ్లకు కట్టినవి. ఒడి కట్టుకొని సాలు వెంట సాలు పత్తి తీసే స్త్రీకి చేతులు రెండూ పనిలో ఉంటవి. గూడ విచ్చిన కాయ నుంచి నాలుగు పాయల దూదిని ఒక్క లాగులో తీయాలి, ఎండుటాకు తగలరాదు. ఇది నేర్పు గల పనే, కాని నేర్చిన తరువాత ఆలోచన అక్కరలేదు. మిరపకల్లంలోనూ అంతే. ఎర్రని కాయల మధ్య కూర్చుని తాలుకాయను వేరుచేయడం, తొడిమ తుంచడం, మళ్లీ తాలుకాయ, మళ్లీ తొడిమ. ఘాటుకు ముక్కు మండుతూ ఉంటుంది, తుమ్ములు వస్తూ ఉంటవి. పొద్దుటినుంచి పొద్దుగూకే దాకా సాగే ఈ పనిలో మనస్సు ఎక్కడ ఉండాలి? ఒక వరుసలో ఉండేది. ఒకామె ఎత్తుకొంటే పదిమంది అందుకొనేవారు. పాడి పాడి పెదవులు ఆగిన తరువాత కూడా కల్లంలో ఆ వరుస ఆగేది కాదు. చేతులు దాని లయలోనే కదిలేవి. కూలిడబ్బులు కొంగున ముడివేసికొని ఇల్లు చేరి పొయ్యి రాజేసే వేళకు కూడా అది వెంటనే ఉండేది.

పత్తితో పాటకు ఉన్న చుట్టరికం ఇంకొకటి ఉన్నది. పూర్వం మన ఊళ్లకు దూదేకులవారు వచ్చేవారు. వీధి అరుగు మీద విల్లు నిలబెట్టి, బిగించిన నరాన్ని కొయ్యపిడితో మీటుతూ ఉంటే దూది మబ్బులా లేచేది. ఆ మోత ఒకే స్వరం. కాని విడవకుండా గంటల తరబడి వింటే అదే ఒక శ్రుతి అయిపోయేది. పరుపు కుట్టుకొని వారు వెళ్లిపోయిన తరువాత కూడా ఆ సాయంత్రమంతా అది చెవిలో జోరీగలా ఉండేది. ఆ దూదేకుల కుటుంబంలోనే, గుంటూరు జిల్లా పొన్నెకల్లులో, 1920లో షేక్ నాజర్ పుట్టాడు. బుర్రకథకు ఆయన ఏమి చేశాడో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ద్వారా ఆయన తంబురా ఊరూరా మోగింది. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, బెంగాలు కరువు ఆయన గొంతులో జనం విన్నారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో ఆయన వెళ్లిపోయాడు. తన జీవితకథకు ఆయన పెట్టుకొన్న పేరు "పింజారి". ఎదుటివాణ్ణి చిన్నబుచ్చడానికి జనం నోట తిట్టుగా తిరిగే మాటను ఏరి తెచ్చి తన పుస్తకానికి తలకట్టుగా పెట్టుకొన్నాడు. ఒక మాటను ఎన్నిమార్లు ఏ గొంతుతో అంటే దాని అర్థం మారుతుందో ఎరిగినవాడు చేసే పని అది.

బుర్రకథలో కథకునికి అటూ ఇటూ ఇద్దరు నిలబడతారు. ఒకడు రాజకీయం చెబుతాడు, ఒకడు హాస్యం ఆడతాడు. ఇద్దరికీ కలిసి ఉన్న అసలు పని వంత. కథకుడు ఎంత కొత్త సంగతి చెప్పినా ప్రతి విడుపులోనూ ఆ పాత వంతే వచ్చి పడుతుంది. కథ మరచిపోయిన శ్రోతకు కూడా వంత మిగులుతుంది. మరునాడు గొడ్లకాడి పిల్లవాడు వంత అందుకొంటాడు; వంత వెనుకనే కథలోని ఒక ముక్క దానంతట అదే వస్తుంది. వంత కొక్కెం, కథ దానికి తగిలిన సంచి. ఏటా కార్తిక అమావాస్యకు కారెంపూడిలో వీరుల తిరునాళ్లు జరుగుతవి. అక్కడ పల్నాటి వీరుల కథను తరతరాలుగా నోట నిలుపుకొని వచ్చిన గాయకుల రహస్యం కూడా ఇదే. శ్రీనాథుని పేర నిలిచిన ఆ ద్విపదకావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో అచ్చువేయించారు. అంతవరకు దానిని కాచినది తాటాకు ఒక్కటే కాదు, వదలని వరుస కూడా.

నాటకరంగానికి వస్తే చెప్పవలసినది చాలా ఉన్నది. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావుగారు స్త్రీపాత్రలకు పెట్టినది పేరు. ముత్తరాజు సుబ్బారావుగారి "శ్రీకృష్ణ తులాభారం"లో ఆయన సత్యభామ. ఆ ఘట్టంలో సత్యభామ గర్వానికి పద్యాలు చాలవనిపించి, "మీరజాలగలడా" అనే పాటను ఆయనే కట్టుకొని పాడుకొన్నారు. నటుడు తన అవసరానికి కట్టుకొన్న పాట అది. ఏ మహాకవీ దానిని సరిదిద్దలేదు. ఆ పాట నాటకాన్ని దాటింది, ఆ నటుణ్ణి కూడా దాటింది. 1966లో ఆ కథను చలనచిత్రంగా తీసినప్పుడు, సంగీతదర్శకులు పెండ్యాల నాగేశ్వరరావుగారు ఎన్ని కొత్త పాటలు కట్టినా, దానిని విడిచిపెట్టడానికి వీలులేకపోయింది. సుశీలగారు పాడారు. దుగ్గిరాలలో పెరిగిన జమునగారు తెరమీద సత్యభామ. నాటకం చూడనివారికి, స్థానంవారి పేరైనా తెలియనివారికి ఈనాటికీ ఆ పాట ఎత్తుగడ తెలుసు. మొదటి మాటే ప్రశ్న కావడంలో దాని గుట్టు ఉన్నదని మా అనుమానం. ప్రశ్న వేసి వదిలితే మనస్సు ఊరుకోదు. జవాబు కోసం మళ్లీ మొదటికి వస్తుంది.

మన నాటకాల పందిళ్లలో "వన్స్‌మోర్" అనే కేక ఒకటి ఉండేది. పద్యం చివర నటుడు రాగం తీసి, తీసి, ఊపిరి అందే చివరి అంచుదాకా తీసి వదిలేసరికి, నేలమీద కూర్చున్న జనం ఆ కేక పెట్టేవారు. చనిపోయిన లోహితాస్యుణ్ణి ఒడిలో పెట్టుకొన్న చంద్రమతి కన్నీరు తుడుచుకొని మళ్లీ మొదటినుంచి ఏడవవలసి వచ్చేది. పండితులు దీనిని రసాభాసమని ఈసడించారు. మేము కూడా ఒకప్పుడు ఈసడించినవారమే. ఇప్పుడు ఆలోచిస్తే అందులో తప్పు కనబడదు. మనిషి లోపల పాట తనంతట తాను చేసే పనిని ఆ జనం బాహాటంగా చేయించుకొన్నారు. రెండుమార్లు, మూడుమార్లు విన్న పద్యం తెల్లవారి బండి తోలేవాడి గొంతులో పలికేది. అచ్చుపుస్తకం కొనే స్తోమతు లేనివాడు, కొన్నా చదవలేనివాడు, ఆ కేకతోనే పద్యాన్ని సొంతం చేసికొన్నాడు.

అలా ఊళ్లకు ఊళ్లే సొంతం చేసికొన్నవి హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీను పద్యాలు. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి నాటకంలో నటులు పాడుతూ వచ్చిన ఆ శ్మశానపద్యాలు కొన్ని నాటకకర్తవి కావు, గుఱ్ఱం జాషువావి. వినుకొండలో 1895లో పుట్టి, అంటరానివాడన్న కారణాన అడుగడుగునా అవమానం ఎదుర్కొన్న కవి రాసిన ఖండకావ్యంలోనివి. చావు ముందర రాజుకూ కూలికీ భేదం లేదని, అక్కడ అస్పృశ్యతకు తావు లేదని చెప్పే పద్యాలు. వాటిని నటులు తమంత తాము తెచ్చుకొని నాటకంలో చొప్పించారు. పంక్తిభోజనానికి జాషువాను పిలవని ఇళ్లలో కూడా ఆ పద్యాలు పాడుకొన్నారు. అరుగుమీద కూర్చోనివ్వని మనిషి మాట పెద్దమనిషి కంఠంలో కూర్చున్నది. రాగం దానికి దారి తీసింది. పాడేవాడు ఆ మాటల అర్థాన్ని పట్టించుకొన్నాడా అంటే, చాలామంది పట్టించుకోలేదనే చెప్పాలి. రాత్రి కాటిసీనుకు కన్నీరు కార్చి తెల్లవారి పాలేరుకు దూరంనుంచి నీళ్లు పోసినవారు మాకు తెలుసు. పాట మనిషిలో ప్రవేశించగలదు; ప్రవేశించినంతమాత్రాన మనిషిని మార్చి తీరుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ప్రభుత్వాలకు మాత్రం పాటంటే ఎప్పుడూ గుండెదడే. గరిమెళ్ల సత్యనారాయణ "మాకొద్దీ తెల్లదొరతనము" పాడినందుకు జైలుకు వెళ్లాడు. బయటికి వచ్చి మళ్లీ పాడి మళ్లీ వెళ్లాడు. 1921లో చీరాల పేరాల ప్రజలు ఊరు విడిచి సుమారు పదకొండు నెలలు పాకలలో కాపురముంటే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండు పాటలు పాడుతూ వారి వెంట నిలిచింది. కాగితాన్ని స్వాధీనం చేసికోవచ్చు, సభను చెదరగొట్టవచ్చు. నోట్లో నానుతున్నదానిని జప్తు చేయడానికి ఏ పోలీసు దగ్గరా ఉపాయం లేదు.

ఇంత బలమైన వస్తువును మనం భద్రపరచిన తీరు చూస్తే విచారం కలుగుతుంది. జానపదగేయాలను సేకరించిన మహనీయులు మనకు ఉన్నారు. 1950లలోనే బిరుదురాజు రామరాజుగారు ఆ గేయాలపై మహత్తర పరిశోధన చేశారు. వారి శ్రమకు చేతులెత్తి నమస్కరించాలి. కాని తెలుగులో అచ్చయిన పాటల సంపుటాలు తెరిచి చూడండి. మాటలు ఉంటవి, వరుస ఉండదు. పైన తాళం పేరో, ఫలానా పాట వరుస అన్న సూచనో ఉంటే అదే పదివేలు. ఆ ఫలానా పాట కూడా ఇప్పుడు ఎవరికీ రాదు! మనిషిని పట్టుకొనేది మాట కాదు, వరుస. దానిని విడిచి మాటను దాచుకోవడం, గింజను పారబోసి బస్తాను దాచుకోవడం వంటిది. ఆనాడు యంత్రం కావాలంటే మదరాసు వెళ్లవలసి వచ్చేది. ఈనాడు కల్లంలో తొడిమలు తీసే ప్రతి ఇంటిలోనూ శబ్దాన్ని పట్టే ఫోను ఉన్నది. అరవై డెబ్బై ఏళ్ల స్త్రీలు ఇంకా ఉన్నారు. కళాశాలల తెలుగు శాఖలు ఒక్కొక్క విద్యార్థిని ఒక్కొక్క ఊరికి పంపితే ఒక్క మిరపకోతల కాలం చాలు. పాడించేటప్పుడు వేదిక ఎక్కించరాదు. చేతికి కాయలు ఇచ్చి పాడించాలి. చేయి కదిలితేనే వారికి వరుస వస్తుంది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పడానికి పాఠకులు అనుమతించాలి. మా మేనమామకు ఆరెకరాల నల్లరేగడి ఉండేది. చిన్నతనాన రాత్రివేళ ఆయనతో చేనికావలికి వెళ్లినప్పుడు మంచె మీద పడుకొని కాటిసీను పద్యాలు పాడేవాడు. రాగం తీస్తే పక్క చేలోని కావలివాడు "వన్స్‌మోర్" అనేవాడు. వివిధభారతిలో 1967లో వాణిజ్యప్రకటనలు మొదలైనవి. కొన్నేళ్లకు ట్రాన్సిస్టరు మా మామ చేనికీ వచ్చింది. 1980లు వచ్చేసరికి వీపున మందుపంపు కట్టుకొని సాలు వెంట నడుస్తూ ఆయన కూనిరాగం తీసేది పద్యం కాదు. ఒక పురుగుమందు ప్రకటన. బాగా కట్టిన వరుస, తప్పు పట్టడానికి లేదు. వేగం ఉన్నది, పరిచితంగా ఉన్నది, చివర ఒక చిన్న ఎగుడు ఉన్నది. అందులో మందు పేరు నాలుగుమార్లు వచ్చేది. డబ్బాడు నీళ్లకు ఎంత కలపాలో, ఎన్నాళ్లకొకసారి కొట్టాలో ఒక్కమారైనా వచ్చేది కాదు. అడుగు ఆ పాట లయకే పడేది. పంపు పిడి కూడా ఆ లయకే ఆడేది.

ఆ మందులు విచక్షణ లేకుండా వాడినకొద్దీ చేలలో తెల్లదోమ పెచ్చుమీరింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి రైతులు పలువురు ప్రాణాలు తీసికొన్నారు. మా మామ ప్రాణం నిలుపుకొన్నాడు, నాలుగెకరాలు నిలుపుకోలేకపోయాడు. నేరమంతా ఒక పాట మీద పెట్టేటంత అమాయకులము కాము. అప్పు ఉన్నది, వడ్డీ ఉన్నది, వాన ఉన్నది, చెప్పవలసినవారు చెప్పకపోవడం ఉన్నది. అయినా, పొలంలో ఏమి చేయాలో అడగడానికి వ్యవసాయాధికారి ఊరికి ఏడాదికి ఒకమారు రావడం, ఆ పాట రోజుకు ఆరుమార్లు రావడం మేము మరచిపోలేము.

మొన్న సంక్రాంతికి ఆయనను చూడబోయాము. ఎనభై దాటినవి. మమ్మల్ని పోల్చుకోలేదు, కన్నకొడుకును కూడా ఒకమారు పోలుస్తాడు, ఒకమారు పోల్చడు. నులకమంచం పట్టె మీద వేళ్లతో దరువు వేస్తూ సన్నగా రాగం ఎత్తుకొన్నాడు. కాటిసీను పద్యమే. ఒక్క మాట కూడా జారలేదు. రాగం చివరిదాకా తీశాడు, ఊపిరి అందినంతమేరా తీశాడు. తీసి, ఆగకుండా, ఆ శ్రుతిలోనే పురుగుమందు ప్రకటనలోకి దిగాడు. ఆ మందు ఇప్పుడు అంగళ్లలో లేదు. పక్కన చాటలో మిరపకాయలు పోసికొని తొడిమలు తీస్తున్న మనవరాలు, ఆ ప్రకటన ఆగిపోయిన ఎన్నో ఏళ్లకు పుట్టిన పిల్ల, తల ఎత్తకుండానే దానికి వంత అందుకొన్నది.